దసరా సెలవుల్లో అత్తమ్మతో విదేశం: ఏడు దేశాలా, రెండు ఊళ్లా?

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ. నేను, మా ఆయన ఇద్దరం ఉద్యోగస్తులం. పాప తొమ్మిదో తరగతి, వయసు 14, చరిత్ర అంటే ప్రాణం. అత్తమ్మకు 67 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, పూర్తి శాకాహారి. నలుగురికీ కలిసి సెలవులు కుదిరేది దసరాకే, అదీ పది రోజులు. ఇంతవరకు దేశం దాటింది లేదు. పాపకు పాత నగరాలు చూడాలని, అత్తమ్మకు కొండలూ నీళ్లూ ఉన్నచోట నాలుగు రోజులు ప్రశాంతంగా కూర్చోవాలని, నాకు రెండూ కావాలని ఉంది. ఒక ట్రావెల్స్ వాళ్లు పది రోజుల్లో ఏడు యూరప్ దేశాలు చూపిస్తామంటున్నారు. మా తోటికోడలు వియత్నాం వెళ్లొచ్చి అదే బాగుందంటోంది. మా ఆయనేమో ఉజ్బెకిస్తాన్ అంటున్నాడు, అక్కడ ఏముందో నాకసలు తెలియదు. ఏది ఎంచుకోవాలి? ప్యాకేజీలో వెళ్లాలా, సొంతంగా వెళ్లాలా?

సమాధానం:

చెల్లీ, ఈసారికి మీ ఆయన మాటే వినండి. సమర్‌ఖండ్, బుఖారా, చివర్లో తాష్కెంట్‌ దగ్గరి కొండలు. దసరా సెలవులకు, మీ నలుగురికీ, ఇంతకంటే బాగా కుదిరేది నాకు కనపడలేదు. మిగతా రెండూ ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్తాను, లేకపోతే మీ తోటికోడలు ఫొటోలు చూపించినప్పుడల్లా మీకు మనసు పీకుతూనే ఉంటుంది.

అందరూ చేసేది ఏమిటంటే ముందు ఊరి పేరు ఖాయం చేసుకుంటారు, తర్వాత దాన్ని సెలవుల్లోకి ఇరికిస్తారు. సెలవులు మన చేతిలో లేవు కదా, బడి వాళ్ల చేతిలో ఉన్నాయి. కాబట్టి ముందు నెల చూడాలి, ఆ నెలలో ఏ దేశంలో ఆకాశం తెరిపిగా ఉంటుందో చూడాలి, ఆ తర్వాత ఇంట్లో అందరికంటే మెల్లగా నడిచే మనిషి ఎవరో, అందరికంటే తిండికి ఇబ్బంది పడే మనిషి ఎవరో చూడాలి. మీ ఇంట్లో ఆ ఇద్దరూ అత్తమ్మే. ఈ మూడూ దాటి నిలబడిన ఊరే మీ ఊరు, ఇంటర్నెట్‌లో దానికి ఎన్ని లైకులున్నా లేకపోయినా.

వియత్నాం సంగతి ముందు తేల్చేద్దాం. మీ తోటికోడలు చెప్పింది నిజమే, హోయ్ ఆన్ లాంటి పాత రేవు పట్టణం చూడటానికి రెండు కళ్లూ చాలవు. దగ్గర్లోనే మీ సన్ అని పూర్వం ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు కట్టించిన శివాలయాల క్షేత్రం ఉంది, నాలుగో శతాబ్దంలో భద్రవర్మ అనే రాజు మొదలుపెట్టాడు, అన్నీ ఎర్ర ఇటుక గుళ్లు. మన భారత పురావస్తు శాఖ వాళ్లే అక్కడ కొన్ని గుళ్లను బాగుచేశారు, ఆ పనిలో ఉండగానే 2020లో ఏకశిలా శివలింగం ఒకటి మట్టిలోంచి బయటపడింది. మీ పాపకు ఇది తప్పకుండా చూపించాల్సిందే. కానీ దసరాకు కాదు. మనకు వానలు వెనకబడుతున్న సమయానికి మధ్య వియత్నాంలో అసలు వానలు మొదలవుతాయి, అక్టోబరు, నవంబరు నెలల్లో ఉధృతి ఎక్కువ. తూ బోన్ నది పొంగిందంటే హోయ్ ఆన్ పాత వీధుల్లో పడవలు తిరుగుతాయి. అక్కడి పాత వర్తకుల ఇళ్లలోకి వెళ్తే గోడ మీద గుర్తులు కనిపిస్తాయి, ఏ ఏడాది వరద ఎంత ఎత్తుకు వచ్చిందో గీత గీసి పక్కన సంవత్సరం రాసి పెట్టుకున్నారు. పై అంతస్తు చెక్క నేలలో ఒక చదరపు కంత వదిలి ఉంటుంది, నీళ్లు వస్తున్నాయంటే కింది సామానంతా తాడు కట్టి అందులోంచి పైకి లాగేయడానికి. అంటే వరద వాళ్లకు ఎప్పుడో ఒకసారి వచ్చే ఉపద్రవం కాదు, ఇల్లు కట్టేటప్పుడే లెక్కలోకి తీసుకున్న విషయం. పది రోజుల సెలవు పెట్టుకుని, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను వెంటబెట్టుకుని ఆ నెలలో అక్కడికి వెళ్లడం ఎందుకు? వేసవి సెలవులకు పెట్టుకోండి. మేలో ఎండ మన ఎండలాగే ఉంటుంది గానీ ఆ వానల భయం ఉండదు, పొద్దున్నే గుళ్లు చూసుకుని మధ్యాహ్నం గదిలో పడుకోవచ్చు.

ఇక యూరప్. దాని మీద నాకు కోపం లేదు, ఆ ప్యాకేజీ మీదే. పది రోజుల్లో రానూ పోనూ విమానాలకు రెండు రోజులు తీసేయండి, మిగిలింది ఎనిమిది. ఎనిమిది రోజుల్లో ఏడు దేశాలంటే దాదాపు రోజూ పొద్దున్నే పెట్టె సర్దాలి, బస్సెక్కాలి, గంటల తరబడి కూర్చోవాలి, దిగి ఫొటో తీసుకోవాలి, మళ్లీ ఎక్కాలి. గది అద్దె తగ్గించుకోవడానికి ఇలాంటి టూర్లలో హోటల్ ఊరి బయట ఎక్కడో హైవే పక్కన ఇస్తారు, అందుకే పాత నగరాన్ని పొద్దున్న గానీ రాత్రి గానీ చూసే భాగ్యం ఉండదు, సరిగ్గా జనం కిక్కిరిసే మధ్యాహ్నం వేళే చూస్తారు. పాపకు చరిత్ర అంటే ప్రాణమన్నారు, మరి ఫ్లారెన్స్‌లో మూడు గంటలిస్తే ఆ పిల్ల ఏం చూస్తుంది, క్యూలో ముందున్న వాళ్ల వీపులు తప్ప? వెనిస్‌లో 400కు పైగా వంతెనలున్నాయి, చాలావాటికి మెట్లే. పెట్టె మోసుకుంటూ అవి ఎక్కి దిగడం అత్తమ్మ వల్ల కాదు.

డబ్బు లెక్క కూడా చూడండి. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా రుసుము ఇప్పుడు పెద్దవాళ్లకు 90 యూరోలు, 12 ఏళ్లు నిండితే పిల్లలకూ అంతే, అంటే మీ నలుగురికీ 360 యూరోలు, వీసా రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. దాని మీద దరఖాస్తు కేంద్రం వాళ్ల సర్వీసు చార్జీ, తలా ఒకటి చొప్పున కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్, వేలిముద్రలు, అపాయింట్‌మెంట్ దొరుకుతుందా లేదా అన్న టెన్షన్. మొదటి విదేశీ ప్రయాణానికి ఇంత హైరానా అవసరమా?

యూరప్ మీద మనసుంటే వేసవిలో ఒక్క దేశానికే వెళ్లండి, ఒక పాత నగరం, దానికి రెండు మూడు గంటల దూరంలో ఒక పల్లె ప్రాంతం, అంతే. నాకైతే ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్, హాల్‌స్టాట్ జంట బాగా నచ్చుతుంది. హాల్‌స్టాట్ సరస్సు ఒడ్డున కొండకు ఆనుకున్న ఉప్పు గనుల ఊరు, రైల్వే స్టేషన్ అవతలి ఒడ్డున ఉంటుంది, రైలు దిగిన వాళ్లను పడవ ఊళ్లోకి చేరుస్తుంది. పగలంతా బస్సుల్లో వచ్చే జనంతో ఆ చిన్న ఊరు నలిగిపోతుంది, సాయంత్రానికి వాళ్లు వెళ్లిపోతారు, అందుకే రాత్రి అక్కడే పడుకోవాలి. ఏ పాత ఊరికైనా నేను చెప్పే మాట ఇదే, చూసి వచ్చే ఊరిగా కాకుండా పడుకునే ఊరిగా ఎంచుకోండి.

సరే, అసలు సంగతికి వద్దాం. ఉజ్బెకిస్తాన్‌లో ఏముందో తెలియదన్నారు కదా.

జులై, ఆగస్టుల్లో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, జనవరిలో మంచు. అక్టోబరులో పగలు హాయిగా, రాత్రి చలిగా ఉంటుంది, స్వెట్టరు కావాలి, వాన అరుదు. ఢిల్లీ నుంచి తాష్కెంట్‌కు మూడు గంటల ప్రయాణం, మీకు హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి మారడంలోనే ఎక్కువ సమయం పోతుంది. మన పాస్‌పోర్టుకు ఈ-వీసా ఇస్తారు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవడమే, ఒకసారి ప్రవేశానికి 20 డాలర్లు. నలుగురికీ 80. పైన యూరప్ లెక్క పక్కన పెట్టి చూసుకోండి.

సమర్‌ఖండ్‌లో మూడు రాత్రులు, బుఖారాలో మూడు, చివర్లో కొండల దగ్గర రెండు, తాష్కెంట్‌లో ఒకటి. మీ ఆయన ఖీవా అనే ఇంకో పాత ఊరు కూడా అంటాడు, నాకు తెలుసు, ఫొటోల్లో అంత అందంగా ఉంటుంది మరి. ఈసారికి వదిలేయమనండి. అది చాలా దూరం, బుఖారా నుంచి ఎడారి దాటుకుని పోవాలి, రానూ పోనూ కలిపి అత్తమ్మ కొండల దగ్గర కూర్చునే రెండు రోజులనూ అదే మింగేస్తుంది.

సమర్‌ఖండ్ అంటే రెగిస్తాన్. పెద్ద చదరం, మూడు వైపులా మూడు మదరసాలు, నాలుగో వైపు ఖాళీ. ఎడమవైపుది ఉలుగ్ బేగ్ కట్టించింది, 1420కి పూర్తయింది. దానికి ఎదురుగా కుడివైపున్న షేర్ దోర్ 1636లో, మధ్యలోని తిల్యా కారీ 1660లో పూర్తయ్యాయి. అంటే మొదటిదానికీ మిగతా రెండింటికీ మధ్య 200 ఏళ్లు గడిచాయి, అయినా ఒకే చేత్తో గీసినట్టు ఉంటాయి. షేర్ దోర్ ముఖద్వారం పైన చారల పులి లాంటి సింహం ఒకటి తెల్లని జింకను తరుముతుంటుంది, దాని వీపు వెనక మనిషి ముఖంతో సూర్యుడు ఉదయిస్తుంటాడు. మదరసా గోడ మీద జంతువు బొమ్మ, మనిషి ముఖం ఉండటం చాలా అరుదు, పాపను ముందు అది వెతకమనండి. తర్వాత తిల్యా కారీ లోపలికి తీసుకెళ్లి, బంగారు పూతతో మెరిసే కప్పు కింద నిలబెట్టి, ఇది గుమ్మటమా కాదా అని అడగండి. లోతుగా గుండ్రంగా పైకి పోతున్నట్టు కనిపిస్తుంది గానీ నిజానికి అది చదునైన కప్పు, పైకి పోయే కొద్దీ సన్నబడే రంగుల గీతలతో కంటిని అలా నమ్మిస్తారు. రెగిస్తాన్‌కు పగలు ఒకసారి, దీపాలు వెలిగాక ఒకసారి వెళ్లండి. దగ్గర్లోనే గది తీసుకుంటే అత్తమ్మ కూడా రెండుసార్లూ రాగలుగుతారు.

ఉలుగ్ బేగ్ రాజు కంటే ముందు ఖగోళ శాస్త్రవేత్త. వెయ్యికి పైగా నక్షత్రాల స్థానాలు లెక్కగట్టి పట్టిక చేశాడు, 1437 నాటిది, టెలిస్కోపు పుట్టడానికి దాదాపు 170 ఏళ్ల ముందు. 1449లో సొంత కొడుకే చంపించాడు, సమర్‌ఖండ్‌లో అతను కట్టించిన వేధశాల నేలమట్టమైంది, అదెక్కడుందో కూడా జనం మరిచిపోయారు, 1908లో తవ్వకాల్లో దొరికింది. ఇప్పుడు మిగిలింది భూమిలోకి వంపు తిరిగి దిగిపోయే రాతి పట్టాల జంట మాత్రమే, ఒక గుట్ట మీద చిన్న ద్వారంలోంచి కిందికి చూడాలి. చూసి, ఇంతేనా అనుకుంటారు చాలామంది. కానీ మన జైపూర్ రాజు సవాయి జైసింగ్ జంతర్ మంతర్‌లు కట్టినప్పుడు ఆయన ముందు పెట్టుకున్న లెక్కల్లో ఉలుగ్ బేగ్ పట్టికలూ ఉన్నాయి. ఈ మాట పాపకు ముందే తెలిసి ఉంటే ఆ గొయ్యి దగ్గర అరగంట నిలబడుతుంది.

ఇంకోటి కూడా ముందే చెప్పండి. బాబర్ మొదటిసారి సమర్‌ఖండ్‌ను గెలిచింది 1497లో, అప్పటికి అతనికి 14 ఏళ్లు, సరిగ్గా మీ పాప వయసు. మూడు నెలలు కాగానే చేజారింది. తర్వాత మళ్లీ గెలిచాడు, మళ్లీ పోయింది, మూడోసారీ అంతే. ఆ ఊరు నిలబెట్టుకోలేకపోయాకే కదా చివరికి ఇటు వచ్చింది. ఢిల్లీ గెలిచాక కూడా, ఎవరో తెచ్చిన ఖర్బూజా కోస్తూ ఏడ్చేశానని రాసుకున్నాడు. అక్టోబరులో అక్కడి బజార్లలో ఆ ఖర్బూజాలు చేయంత పొడవున గుట్టలుగా పోసి ఉంటాయి. సియాబ్ బజారులో ఒకటి కోయించుకుని తినండి, ఎందుకు ఏడ్చాడో అర్థమవుతుంది.

సమర్‌ఖండ్‌లో అత్తమ్మ కోసం నేను చెప్పేది కోనీగిల్. ఊరికి దగ్గర్లోనే ఉన్న పల్లె, చెట్ల మధ్య వాగు, దాని మీద నీటి చక్రం. అక్కడ మల్బరీ బెరడుతో పాత పద్ధతిలో కాగితం చేస్తారు. కొమ్మల పైతోలు గీకేసి లోపలి తెల్లటి నార తీస్తారు, గంటల తరబడి ఉడకబెడతారు, ఆ నీటి చక్రం తిరుగుతుంటే పెద్ద చెక్క రోకళ్లు లేచి పడుతూ ఆ నారను గుజ్జు చేస్తాయి, ఆ గుజ్జును తొట్టిలో నీళ్లకు కలిపి జల్లెడతో ఒక్కో పొర ఎత్తి, బరువు కింద నొక్కి, ఆరబెడతారు. ఆరాక గరుకుగా ఉంటుంది, దాన్ని నున్నటి రాయితో రుద్ది రుద్ది మెరుపు తెప్పిస్తారు. అన్నీ కళ్ల ముందే, కుర్చీలో కూర్చుని చూడొచ్చు, వాగు పక్కన టీ ఇస్తారు. మెట్లు ఎక్కే పని లేదు. ఇక్కడ ఒక పూట పెట్టుకోండి, హడావుడిగా వెళ్లొద్దు.

షాహీ జిందా సమాధుల వీధికి మాత్రం నిటారు మెట్లున్నాయి. నీలి టైల్స్‌లో అంతటి పనితనం ఇంకెక్కడా చూడలేదనిపిస్తుంది, మీరూ పాపా వెళ్లి రండి, అత్తమ్మకు మీ ఆయన కింద తోడుంటారు. ఒక రోజు కారు మాట్లాడుకుని కొండ కనుమ మీదుగా షహ్రీసబ్జ్ వెళ్లొచ్చు, తైమూరు పుట్టిన ప్రాంతం, అతను కట్టించిన అక్ సరాయ్ రాజభవనానికి ఇప్పుడు సగం విరిగిన ముఖద్వారం స్తంభాలే మిగిలాయి, అవే తలెత్తి చూడాల్సినంత ఎత్తు. నాకైతే ఊరి కంటే దారే బాగుంటుందనిపిస్తుంది, కనుమ పైన రోడ్డు పక్కన ఎండు పళ్లూ అక్రోట్లూ అమ్ముతుంటారు. అలసటగా ఉంటే ఇది మానేసినా నష్టం లేదు.

బుఖారా వేరే తరహా. సమర్‌ఖండ్‌లో కట్టడాలు పెద్దవి, మధ్యలో వెడల్పాటి రోడ్లు వేసేశారు. బుఖారాలో పాత ఊరు పాత ఊరిలాగే ఉంది, మట్టి రంగు గోడలు, సందులు, కప్పుల కింద బజార్లు, అంతా చదునుగా ఉండటంతో అత్తమ్మ కూడా మెల్లగా నడవగలరు. గది పాత ఊరి లోపలే, ల్యాబీ హౌజ్ దగ్గర్లో తీసుకోండి, ఇందులో బేరం వద్దు, ఊరి బయట సగం ధరకు వచ్చినా సరే. ల్యాబీ హౌజ్ అంటే 1620లో తవ్వించిన రాతి మెట్ల కోనేరు, చుట్టూ ముసలి మల్బరీ చెట్లు, వాటి కింద బల్లలు, పొద్దుగూకాక ఊరి జనం కూడా పిల్లలతో అక్కడే చేరతారు. మీరూ పాపా తిరిగొచ్చేదాకా అత్తమ్మ అక్కడ ఆకుపచ్చ టీ పెట్టుకుని ఎంతసేపైనా కూర్చోవచ్చు.

కల్యాన్ మినార్ 1127 నాటిది, దాదాపు 46 మీటర్లు. 1220లో చెంగిజ్ ఖాన్ ఊరంతా తగలబెట్టినా దీన్ని ముట్టుకోలేదు. పక్కనే మసీదు, ఎదురుగా మదరసా. జనమంతా ఇక్కడే ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు, కానీ నా ఓటు దూరంగా పార్కులో ఉన్న సమానీ రాజుల సమాధికి. పదో శతాబ్దపు చిన్న ఇటుక గది, నీలి టైలు ఒక్కటీ లేదు, ఇటుకను నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా పేర్చి బుట్ట అల్లినట్టు అల్లేశారు. ఎండ పడే కోణం మారే కొద్దీ గోడ మీది నీడలూ మారతాయి, అందుకే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడాలి.

బజారు గుమ్మటాల దగ్గర కమ్మరుల దుకాణాలున్నాయి, కొంగ ఆకారంలో కత్తెరలు చేస్తారు, తెరిస్తే ముక్కు తెరుచుకుంటుంది. కొంటే చేతి సంచిలో పెట్టకండి, విమానాశ్రయంలో తీసేసుకుంటారు, పెద్ద పెట్టెలో వేయండి. తివాచీలు, సుజానీ కుట్టుపని దుప్పట్లు చూడగానే కొనకండి, ఒక రోజు ఊరికే తిరిగి ధరలు తెలుసుకుని రెండో రోజు కొనండి.

ఇప్పుడు అత్తమ్మ కోరిన కొండలూ నీళ్లూ. బుఖారా నుంచి రైల్లో తాష్కెంట్‌కు తిరిగొచ్చి, అక్కడి నుంచి కారులో రెండు గంటలు పోతే చిమ్‌గాన్ కొండలు, వాటి కింద చార్వాక్ జలాశయం. ఉన్నదున్నట్టు చెప్తాను, అది సహజమైన సరస్సు కాదు, సోవియట్ కాలంలో కట్టిన డ్యామ్ నీళ్లు, స్విట్జర్లాండ్ అనుకుని వెళ్తే నిరాశే. కానీ నీళ్ల రంగు పచ్చలు కరిగించినట్టు ఉంటుంది, అక్టోబరులో పాప్లర్ చెట్ల ఆకులు పసుపు తిరిగి ఉంటాయి, వెనక కొండలు. శని, ఆదివారాల్లో తాష్కెంట్ జనమంతా మాంసం కాల్చుకోవడానికి అక్కడికే వస్తారు, కాబట్టి మామూలు రోజులు చూసుకుని, నీళ్లు కనిపించే గది అడిగి తీసుకోండి. అమిర్‌సోయ్ దగ్గర కేబుల్ కారు ఉంది, మోకాళ్లతో పని లేకుండా అత్తమ్మ కొండ మీదికి వెళ్లి రావచ్చు. ఈ రెండు రోజుల్లో ఇంకేమీ పెట్టకండి.

తాష్కెంట్‌కు ఒక్క రోజు చాలు. మెట్రో స్టేషన్లు ఒక్కోటి ఒక్కో మహల్లా కట్టారు, టికెట్ కొనుక్కుని రెండు మూడు దిగి ఎక్కడమే. లాల్ బహదూర్ శాస్త్రిగారు పోయింది ఈ ఊళ్లోనే, 1966 జనవరి 11న. ఆయన విగ్రహం ఉంది, అత్తమ్మ వయసు వాళ్లకు ఆ వార్త విన్న జ్ఞాపకం ఉంటుంది, తీసుకెళ్లండి.

తిండి దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. అక్కడ మాంసం లేని వంట తక్కువ, ప్లోవ్ అనే వాళ్ల పులావును మాంసంతో, చాలాసార్లు గొర్రె కొవ్వుతో వండుతారు, ముక్కలు ఏరి పక్కన పెడితే శాకాహారమైపోదు. 'గోష్ట్‌సిజ్' అనాలి, మాంసం లేకుండా అని, అది కాగితం మీద రాయించుకుని చూపించండి. సూపుల్లో నీళ్లు కూడా మాంసం ఉడికించినవే ఉంటాయి, అడగందే తాగనివ్వకండి. మరి తినేదేమిటంటే, తందూరులో అప్పుడే తీసిన రొట్టె, టమాటా ఉల్లిపాయ సలాడ్, పెరుగు, గుమ్మడికాయ కూరిన సమోసాలు, మన్తీలు అనే ఆవిరి కుడుములు, అక్రోట్లు, ద్రాక్ష, దానిమ్మ. అక్టోబరు పళ్ల కాలం కాబట్టి ఆకలితో ఉండరు. తాష్కెంట్, సమర్‌ఖండ్‌లలో భారతీయ హోటళ్లు ఉన్నాయి. కానీ మన ఇంట్లో పెద్దవాళ్లకు నాలుగో రోజుకు అన్నం మీదికి మనసు పోతుంది, అందుకే చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్, బియ్యం, పప్పుల పొడి, పచ్చడి పెట్టెలో వేసుకోండి. బుఖారాలో ఇంటి తరహా చిన్న హోటళ్లు చాలా ఉన్నాయి, ముందే మెసేజ్ పెడితే శాకాహార వంట చేసిపెడతారు.

మందుల గురించి ఒక ముఖ్యమైన మాట. అత్తమ్మ మోకాళ్లకు ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలు వాడుతుంటే డాక్టరు చీటీ లేకుండా తీసుకెళ్లకండి, ఆ దేశంలో ఇలాంటి మందుల మీద నిబంధనలు కఠినం. వెళ్లేముందే డాక్టరును అడిగి వేరే మందు రాయించుకుంటే ఇంకా మంచిది. హోటల్ వాళ్లు మీ పేర్లు నమోదు చేసి చిన్న చీటీ ఇస్తారు, తిరుగు ప్రయాణం అయ్యేదాకా అవి పారేయకండి. డాలర్లు మడతలు లేని కొత్త నోట్లు తీసుకెళ్లి కొద్దికొద్దిగా మార్చుకోండి.

ప్యాకేజీనా సొంతంగానా అన్నారు. ఈ దేశానికి మొత్తం ప్యాకేజీ అక్కర్లేదు. తాష్కెంట్ నుంచి సమర్‌ఖండ్ 344 కిలోమీటర్లు, అఫ్రోసియాబ్ అనే హైస్పీడ్ రైలు రెండు గంటల పైచిలుకులో దింపేస్తుంది, అక్కడి నుంచి బుఖారా ఇంకో రెండు గంటల లోపే. హోటళ్లు మీరే బుక్ చేసుకోండి, ఊళ్లలో తిరగడానికి యాప్‌లో టాక్సీ పిలిస్తే చాలు, షహ్రీసబ్జ్‌కు, చార్వాక్‌కు మాత్రం డ్రైవరుతో కారు మాట్లాడుకోండి. రెగిస్తాన్‌లో ఒక పూట, బుఖారాలో ఒక పూట ఇంగ్లిష్ వచ్చిన స్థానిక గైడును పెట్టుకోండి, పాప అడిగే ప్రశ్నలకు మీరూ నేనూ జవాబు చెప్పలేం. అయినా మొదటిసారి కదా అని భయమనిపించి ఎవరికైనా అప్పజెప్పాలనుకుంటే, డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు అడగండి: ప్రతి రాత్రి పడుకునే హోటల్ పేరేమిటి, అది పాత ఊరికి ఎంత దూరం, ఒక్కో చోట ఎన్ని గంటలు ఆగుతారు. 'త్రీ స్టార్ లేదా దానికి సమానం' అని రాస్తే ఒప్పుకోకండి.

వెళ్లేముందు ఒక ఆదివారం పాపను హైదరాబాద్ తీసుకెళ్లి చార్మినార్‌కు దగ్గర్లోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా చూపించండి. మహమ్మద్ కులీ కుతుబ్ షా కాలంది, గోడల మీద రంగు టైల్ ముక్కలు పొదిగిన పని ఉంటుంది, కుతుబ్ షాహీల మూలపురుషుడు ఇరాన్ నుంచి వచ్చినవాడే, ఆ పనితనమూ అటు నుంచి వచ్చిందే. ఆ నీలం, ఆ పసుపు ఒకసారి కంటికి అలవాటయ్యాక సమర్‌ఖండ్‌లో గోడలు చూస్తే పాప తనంతట తానే పోలికలు పట్టుకుంటుంది.

ఇక మీరు రాయని సంగతి ఒకటుంది. మీది హనుమకొండ, దసరా సెలవులంటే బతుకమ్మ రోజులు. సెలవులు మొదలవగానే విమానం ఎక్కితే ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా ఇంట్లో ఉండరు. అత్తమ్మ దీనికి ఒప్పుకున్నారా, లేక మీరందరూ సరదా పడుతున్నారని మాట్లాడకుండా ఉన్నారా? మెల్లగా అడగండి. ఆమెకు సద్దుల బతుకమ్మ ఆడాకే బయల్దేరాలని ఉంటే అలాగే బయల్దేరండి, అక్టోబరు మూడో వారం దాకా అక్కడ వాతావరణం బాగానే ఉంటుంది, పాపకు బడిలో కొన్ని రోజులు సెలవు అడగాల్సి వస్తుంది, అంతే. తేదీలు తేలాక ముందు ఢిల్లీ నుంచి విమానం, ఆ వెంటనే బుఖారా గది, తర్వాత వీసాలు చూసుకోండి. అఫ్రోసియాబ్ టికెట్లు అమ్మకానికి పెట్టిన రోజే తీసుకోండి, అక్టోబరులో అవి చాలా త్వరగా అయిపోతాయి, మామూలు రైలైతే అత్తమ్మకు అంతసేపు కూర్చోవడం కష్టం.